వేసవి సెలవుల్లో చేతికి పని చెబుదాం

జనవరి చలి తగ్గకముందే ఎడిసన్‌లోని తెలుగు ఇళ్లలో వేసవి లెక్కలు మొదలవుతాయి. జూన్‌లో స్కూళ్లు మూస్తే మళ్లీ తెరిచేది సెప్టెంబర్ మొదట్లోనే. మధ్యలో దాదాపు పది వారాలు. చిన్న పిల్లలైతే పెద్ద ఇబ్బంది లేదు. ఈత, ఆటలు, బొమ్మలు వేయించే డే క్యాంప్‌లు చుట్టుపక్కల చాలానే ఉంటాయి. పదమూడు దాటిన పిల్లల దగ్గరికి వచ్చేసరికే చిక్కు. ఆటల క్యాంప్‌కు వెళ్లమంటే ‘నేనేమన్నా చిన్నపిల్లనా’ అంటారు. ఇంట్లో వదిలేస్తే ఫోనే లోకం. చివరికి ఎస్‌ఏటీ కోచింగ్‌లోనో, కోడింగ్ క్లాసులోనో చేర్పించి హమ్మయ్య అనుకుంటాం.

ఆ రెండూ వద్దని ఎవరూ అనరు. కోడింగ్ పుణ్యమా అనే మనలో చాలామంది ఇక్కడ ఇల్లూవాకిలీ చూసుకున్నాం. కానీ ఆ రెండూ మళ్లీ తెర ముందు కూర్చుని చేసేవే. స్కూల్లో తొమ్మిదిన్నర నెలలు చేసిందే వేసవిలోనూ చేయిస్తున్నాం. ఫిజిక్స్‌లో ఏ గ్రేడ్ తెచ్చుకునే పిల్లాడికి స్క్రూడ్రైవర్ ఎటు తిప్పితే మర బిగుస్తుందో తెలియకపోవడం మన ఇళ్లలో వింతేమీ కాదు. తీగ, కర్ర, బట్ట, రంగు లాంటివి పాఠం విన్నంత మాత్రాన మాట వినవు. వాటితో కుస్తీ పట్టి, రెండుసార్లు పాడుచేసి, మూడోసారి చేసుకొచ్చినప్పుడు పిల్లలకు వచ్చే నమ్మకం ఏ కోచింగ్‌లోనూ దొరకదు.

పదమూడో ఏట నుంచి కాలేజీకి వెళ్లే దాకా మన చేతిలో ఉండేవి అయిదు వేసవులు. వాటిలో కనీసం ఒకటి రెండు వారాలైనా చేతితో చేసే సైన్స్‌కు, కళకు కేటాయించడం మంచిది. అందుకు కావాల్సిన సరంజామా మనం ఉంటున్న ఊరి చరిత్రలోనూ ఉంది, మనం వదిలి వచ్చిన ఊళ్ల చేతిపనుల్లోనూ ఉంది.

ఊరి పేరు వెనుక వర్క్‌షాప్

మన ఊరికి ఆ పేరు 1954లో వచ్చింది. అంతకుముందు రారిటన్ టౌన్‌షిప్ అనేవారు. 1876లో థామస్ ఆల్వా ఎడిసన్ ఇక్కడి మెన్లో పార్క్‌లో ప్రయోగశాల పెట్టారు. రెండంతస్తుల చెక్క భవనం. వంద అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో ఎక్కువసేపు వెలిగే విద్యుత్ బల్బు ఇక్కడే రూపుదిద్దుకున్నాయి. ఆ ఏడాది డిసెంబర్ 31 రాత్రి ఆ దీపాలను చూడటానికి జనం రైళ్లలో తరలివచ్చారు.

ఇవన్నీ పిల్లల పుస్తకాల్లో ఉన్నవే. పుస్తకాల్లో తక్కువగా కనిపించేది ఆ ప్రయోగశాల పనిచేసిన తీరు. అక్కడ గణితం తెలిసినవారితో పాటు కమ్మరి పని, వడ్రంగం, గడియారాల పని తెలిసినవాళ్లు ఉండేవారు. ఎడిసన్ కాగితం మీద గీసిచ్చిన ఫోనోగ్రాఫ్‌ను యంత్రంగా తయారుచేసింది జాన్ క్రూసీ అనే మెషినిస్టు. బల్బుల గాజు బుడ్లను ఊదింది లుడ్విగ్ బోమ్ అనే గాజు పనివాడు. పై అంతస్తు చివర ఒక పైప్ ఆర్గన్ ఉండేది. అర్ధరాత్రి దాకా పనిచేసి, భోంచేసి, దాని చుట్టూ చేరి పాటలు పాడుకునేవారు. సైన్స్, చేతిపని, సంగీతం మూడూ ఒకే కప్పు కింద నడిచాయి.

ఎడిసన్ 1887లో వెస్ట్ ఆరెంజ్‌లో మరింత పెద్ద ప్రయోగశాల కట్టుకున్నారు. మెన్లో పార్క్ ప్రయోగశాలను 1929 నాటికి హెన్రీ ఫోర్డ్ మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో తిరిగి నిర్మించారు. అయినా క్రిస్టీ స్ట్రీట్‌లో స్మారక గోపురం, చిన్న మ్యూజియం ఇప్పటికీ ఉన్నాయి. ఓక్ ట్రీ రోడ్డుకు సరుకుల కోసం వెళ్లే మనలో ఎంతమంది పిల్లలను అక్కడికి తీసుకెళ్లి ఉంటాం? వెస్ట్ ఆరెంజ్ ప్రయోగశాల ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ నిర్వహణలో ఉంది. అక్కడ యంత్రాలు, కెమిస్ట్రీ ల్యాబు, సంగీతం రికార్డు చేసిన గది చూడొచ్చు. జెర్సీ సిటీలో 1993లో మొదలైన లిబర్టీ సైన్స్ సెంటర్ ఎలాగూ ఉంది.

ఈ చరిత్రను ఇంట్లోనే ఒక ప్రయోగంగా మార్చుకోవచ్చు. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టుల డీ సైజు బ్యాటరీలు ఎనిమిది వరుసగా కలపాలి. రెండు తీగల చివర క్లిప్పుల మధ్య మెకానికల్ పెన్సిల్ సన్న లెడ్ ముక్క పెట్టి, పైన గాజు సీసా బోర్లించాలి. కరెంటు కలపగానే ముందు పొగ వస్తుంది, తర్వాత లెడ్ ఎర్రగా మారి తెల్లగా వెలుగుతుంది, కాసేపటికి విరిగిపోతుంది. క్లిప్పులు కాలిపోయేంత వేడెక్కుతాయి కాబట్టి పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. అసలు పాఠం విరిగిన తర్వాత మొదలవుతుంది. ఎందుకు విరిగింది? సీసాలోని ఆక్సిజన్‌తో కార్బన్ కాలిపోయింది. మరి ఎక్కువసేపు వెలగాలంటే? గాలి తీసేయాలి. ఎడిసన్ బృందం పాదరసం పంపులతో ఆ గాలి తీయడానికే నానా తంటాలు పడింది. 1879 అక్టోబర్‌లో కాల్చిన నూలు దారం పదమూడు గంటలకు పైగా వెలిగింది. ఆ తర్వాత వెదురు పుల్లలతో వెయ్యి గంటలు దాటింది. ఇదంతా చదివితే ఒక పేరా. పిల్లలు తమ చేతుల్లో మూడు లెడ్ ముక్కలు విరిగిన తర్వాత చదివితే అది సొంత అనుభవం అవుతుంది.

కుప్పం కొండ మీద

చేతితో చేసే సైన్స్ అనగానే అది అమెరికా సొత్తు అనుకోనక్కర్లేదు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట, అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు 172 ఎకరాల క్యాంపస్ ఉంది. రాంజీ రాఘవన్ మరికొందరితో కలిసి 1999లో ఈ సంస్థను ప్రారంభించారు. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల పిల్లలు బస్సుల్లో అక్కడికి వచ్చి ప్రయోగాలు చేస్తారు. సైన్స్ ల్యాబులతో పాటు కళలకూ అక్కడ చోటుంది. క్యాంపస్‌కు రాలేని ఊళ్లకు ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో తీసుకెళ్తారు.

అక్కడి నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎంపిక చేసిన విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, తోటి పిల్లలకు వాళ్లచేతే పాఠం చెప్పిస్తారు. తనకు అర్థమైందో లేదో పిల్లలకు తెలిసేది ఇంకొకరికి చెప్పబోయినప్పుడే. చిన్న క్యాంప్‌లంటే ముఖం తిప్పుకునే మన టీనేజర్లను అదే క్యాంప్‌లో తొమ్మిదేళ్ల పిల్లలకు నేర్పే పనిలో పెట్టి చూడండి, వ్యవహారం మారిపోతుంది.

కళను, సైన్స్‌ను ఒకేచోట పెట్టాలన్న ఆలోచనకు అమెరికాలో పేరుమోసిన ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ దాన్ని 1969లో ప్రారంభించారు. అణుబాంబు ప్రాజెక్టుకు సారథ్యం వహించిన రాబర్ట్ ఒపెన్‌హైమర్‌కు ఆయన తమ్ముడు. రాజకీయ కారణాలతో యూనివర్సిటీ ఉద్యోగం పోయి, కొలరాడోలో పశువులు పెంచుకుంటూ, అక్కడి హైస్కూల్లో పాఠాలు చెప్పారు. ఆయన మ్యూజియంలో ప్రదర్శనలను తాకి, తిప్పి చూడొచ్చు. వాటి తయారీలో శాస్త్రవేత్తలతో పాటు చిత్రకారులకూ, శిల్పులకూ చోటిచ్చారు.

కలంకారీలో కెమిస్ట్రీ

మన తెలుగు కళలను పిల్లలకు సాధారణంగా వేదిక మీదో, గోడ మీదో చూపిస్తాం. ‘ఇది మన సంస్కృతి’ అని చెప్పి ఊరుకుంటాం. అందుకే వాళ్లకు అది మ్యూజియం సరుకుగా కనిపిస్తుంది. అదే కళను ‘ఇది ఎలా పనిచేస్తుంది’ అన్న ప్రశ్నగా ముందుపెడితే టీనేజ్ బుర్ర చురుగ్గా కదులుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. బట్టను ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో కలిపి రోజుల తరబడి పులియబెడతారు. వెదురు కలంతో ఆ ద్రవాన్ని బట్ట మీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ద్రవంలోని ఇనుము కలవడం వల్ల ఆ నలుపు వస్తుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పాకిపోకుండా నిలుస్తుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగు చెక్కలతో ఉడికిస్తే పటిక ఉన్న చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. కెమిస్ట్రీ పుస్తకం రాకముందే మన కళాకారులు వంట చేసినంత మామూలుగా ఈ పని చేశారు.

ఎడిసన్‌లో ఇది చేయడానికి కాళహస్తి నుంచి ఏమీ తెప్పించుకోనక్కర్లేదు. తుప్పు పట్టిన మేకులో, స్టీల్ ఊలో తెల్ల వెనిగర్‌లో వేసి వారం రోజులు ఉంచాలి. గ్యాస్ పుడుతుంది కాబట్టి మూత వదులుగా పెట్టాలి. కరక్కాయ పొడి దొరకకపోతే చిక్కటి టీ డికాక్షన్ చాలు, అందులోనూ టానిన్ ఉంటుంది. మూడు నూలు బట్ట ముక్కలు తీసుకుని ఒకటి ఉత్తిది, ఒకటి టీలో ముంచినది, మరొకటి టీతో పాటు పాలలోనూ ముంచినది, మూడూ ఆరబెట్టండి. మూడింటి మీదా ఒకే కుంచెతో ఒకే గీత గీయమనండి. మొదటి దాని మీద లేత తుప్పు రంగు. రెండో దాని మీద కళ్ల ముందే నలుపు. మూడో దాని మీద గీత ఎంత పాకిందో స్కేలుతో కొలవాలి. స్కూల్ సైన్స్ ఫెయిర్‌కు సరిపోయే ప్రయోగం ఇది. పైగా ఇంటికి ఒక బొమ్మ కూడా మిగులుతుంది.

తోలుబొమ్మలాట కాంతి పాఠం. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ మేక తోలును పలచగా, వెలుగు దూరేలా శుభ్రం చేసి బొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. క్యాంప్‌లో తోలుకు బదులు తెల్ల కాగితానికి నూనె రాసి చూడొచ్చు. కాగితం పీచుల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరితే వెలుగు చెదరడం తగ్గి అవతలికి దూరుతుంది. బొమ్మను తెరకు ఆనిస్తే అంచు స్పష్టంగా ఉంటుంది. వెనక్కి లాగితే నీడ పెద్దదై మసకబారుతుంది. చిన్న ఎల్‌ఈడీ పెడితే ఒకలా, ట్యూబ్‌లైట్ పెడితే ఇంకోలా ఎందుకు వస్తుందో పిల్లలే తేల్చుకుంటారు.

సంగీతం నేర్చుకునే పిల్లలు మన దగ్గర ఎందరో. వాళ్ల చేతికి టేపు ఇచ్చి వీణ తీగ కొలవమనండి. తీగ పూర్తి పొడవు మోగితే షడ్జమం. సరిగ్గా సగం మోగితే పై షడ్జమం. మూడింట రెండొంతులు మోగితే పంచమం. నాలుగింట మూడొంతులు మోగితే శుద్ధ మధ్యమం. బొబ్బిలిలో పనస చెక్కతో వీణ చెక్కే కళాకారుల చేతికి ఈ లెక్క తెలుసు. ఆరేళ్లుగా సరిగమలు పాడుతున్న పిల్లకు తన గొంతులో భిన్నాలున్నాయని తెలిస్తే, గణితం మీదా సంగీతం మీదా కొత్త గౌరవం కలుగుతుంది.

ముగ్గు సంగతి మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు మరీ దగ్గర. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పే ముగ్గులో నియమాలుంటాయి. 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు తమిళుల కోలాలను ఆధారం చేసుకుని బొమ్మలను పుట్టించే వ్యాకరణాల మీద పరిశోధనలు చేశారు. కంప్యూటర్ సైన్స్‌లో వాటికి గుర్తింపు ఉంది. ఇంటికి వచ్చిన అమ్మమ్మ చేత డ్రైవ్‌వే మీద మెలికల ముగ్గు వేయించి, దాని నియమాలు రాసుకుని, అదే ముగ్గును పైథాన్‌లో గీయమంటే మనవడికి వారం రోజుల పని. అమ్మమ్మ ఆ ఇంట్లో అతిథిలా కాకుండా గురువులా కూర్చుంటుంది. తెలుగు మాట్లాడాల్సిన అవసరమూ దానంతటదే వస్తుంది.

క్యాంప్ ఎంచుకునేటప్పుడు

బయటి క్యాంప్‌లో చేర్పించాలనుకుంటే వెబ్‌సైట్‌లోని ఫొటోలు చూసి తొందరపడొద్దు. ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడగండి.

మొదటిది, పోయినేడాది పిల్లలు ఏం తయారుచేశారు? అందరూ ఒకే కిట్ బిగించి ఒకేలాంటి రోబో ఇంటికి తెచ్చుకుంటే అక్కడ ఆలోచించే పని కిట్ కంపెనీయే చేసిపెట్టిందని అర్థం. రెండోది, చేసింది పాడైతే మళ్లీ చేయడానికి టైమ్ ఇస్తారా? గంటకో సబ్జెక్టు చొప్పున ఉరుకులు పరుగులు పెట్టించే చోట అది కుదరదు. మూడోది, నేర్పేదెవరు, ఒక్కొక్కరి కింద ఎంతమంది పిల్లలు? నాలుగోది, కత్తెరలు, వేడి, రసాయనాలు వాడేటప్పుడు జాగ్రత్తలేంటి?

న్యూజెర్సీలో యూత్ క్యాంప్‌లకు రాష్ట్ర ఆరోగ్య శాఖ సర్టిఫికెట్ ఉండాలి. ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. పేరున్న యూనివర్సిటీ ప్రాంగణంలో జరిగే ప్రతి క్యాంప్‌నూ ఆ యూనివర్సిటీయే నడపదు. కొన్నిటిని బయటి సంస్థలు హాళ్లు అద్దెకు తీసుకుని నడుపుతాయి. అడ్మిషన్‌కు అది మెట్టు అనుకుని వేలకు వేలు కట్టేముందు నిర్వహించేదెవరో తెలుసుకోండి.

డబ్బు సంగతికొస్తే, డే క్యాంప్ ఖర్చుకు ఫెడరల్ ట్యాక్స్‌లో దొరికే చైల్డ్ అండ్ డిపెండెంట్ కేర్ క్రెడిట్ సాధారణంగా పదమూడేళ్ల లోపు పిల్లలకే. టీనేజర్ల క్యాంప్‌కు ఆ లెక్క వేసుకోవద్దు. ప్రతిభ ఉన్న హైస్కూల్ పిల్లలకు రాష్ట్రంలో రెండు గవర్నర్స్ స్కూళ్లున్నాయి. సైన్స్‌కు డ్రూ యూనివర్సిటీలో, ఇంజినీరింగ్‌కు రట్గర్స్‌లో. పదకొండో తరగతి చదివేవాళ్లు దరఖాస్తు చేస్తారు, ట్యూషన్ ఫీజు ఉండదు. పోటీ గట్టిగానే ఉంటుంది. స్కూల్ కౌన్సెలర్‌తో శరదృతువులోనే మాట్లాడాలి.

అయిదు కుటుంబాలు కలిస్తే

మంచి క్యాంప్ దొరకలేదనో, ఖర్చు ఎక్కువనో ఆగిపోనక్కర్లేదు. పరిచయమున్న అయిదారు కుటుంబాలు కలిసి ఒక వారం మనమే చేసుకోవచ్చు. ఒక్కో ఇంటి నుంచి ఒకరు ఒక్క రోజు సెలవు పెడితే అయిదు రోజులు గడిచిపోతాయి. ఎవరి గరాజ్‌లోనో, బేస్‌మెంట్‌లోనో పదిమంది పిల్లలు హాయిగా పడతారు.

సోమవారం క్రిస్టీ స్ట్రీట్ వెళ్లి వచ్చి పెన్సిల్ లెడ్ బల్బు. మంగళవారం తీగలు, స్వరాలు, కాగితం శంఖానికి సూది గుచ్చి పాత గ్రామఫోన్ రికార్డు వినడం. బుధవారం టీ, ఇనుముతో కలంకారీ. గురువారం నీడల బొమ్మలు, ముగ్గులు. శుక్రవారం సాయంత్రం ప్రదర్శన. ఆ రోజు పిల్లలే మాట్లాడాలి. చిన్నవాళ్లకు ఇంగ్లిష్‌లో, తాతయ్యలకు నానమ్మలకు వచ్చినంత తెలుగులో. పాడైపోయిన ముక్కలను కూడా బల్ల మీద పెట్టి, అవెందుకు పాడయ్యాయో చెప్పమనండి. ఆ భాగమే అందరికీ గుర్తుండిపోతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ప్రతి బిడ్డ అలర్జీలు, తల్లిదండ్రుల నంబర్లు రాసిపెట్టుకోవాలి. ప్రతి రోజూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. అద్దె హాలు తీసుకుంటే ఇన్సూరెన్స్ అడగొచ్చు. ఫీజు పెట్టి బయటి పిల్లలను చేర్చుకునే స్థాయికి వస్తే రాష్ట్ర క్యాంప్ నిబంధనలు వర్తిస్తాయేమో ముందే కనుక్కోవాలి. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయాలి. ఆ బుట్టలో ముందు పడాల్సింది మన ఫోన్లు.

కాస్త పెద్ద ఎత్తున చేయాలనుకుంటే తెలుగు సంఘాలున్నాయి, తెలుగు బడులున్నాయి, గుళ్ల హాళ్లున్నాయి. వేడుకలకు వేదికలు కట్టడంలో మనవాళ్లకు తిరుగులేదు. అందులో పదో వంతు శ్రమ పెట్టినా ఊరికో వర్క్‌షాప్ నడుస్తుంది. పద్నాలుగు నిండిన పిల్లలు వాలంటీర్లుగా నేర్పడానికి ముందుకొస్తే వాళ్ల రెజ్యూమెలోకి ఒక నిజమైన వాక్యం వస్తుంది. ఏం చేశావని ఎవరైనా అడిగితే వివరంగా చెప్పగలిగే వాక్యం.

అమ్మానాన్నలకు టికెట్లు బుక్ చేసేటప్పుడే వారం ఖాయం చేసుకోండి. ఫిబ్రవరిలో నాలుగు ఇళ్లకు ఫోన్ చేయండి. వడ్రంగం తెలిసిన తాతయ్య, కుట్టుపని తెలిసిన పెద్దమ్మ, సోల్డరింగ్ వచ్చిన బాబాయ్ ఎవరో ఒకరు మీ పరిచయాల్లోనే ఉంటారు, అడగడమే ఆలస్యం. ఇక క్యాంప్‌కు సరిగ్గా వారం ముందు చేయాల్సిన పని ఒకటే. నాలుగు తుప్పు మేకులు వెనిగర్‌లో వేసి, మూత వదులుగా పెట్టి, గరాజ్‌లో ఒక మూలన ఉంచండి.